తేనె రంగు అద్దం

నా చిన్నప్పుడు మా ఇంట్లో శుక్రవారం పూజ అందుకునే వస్తువులలో దుకాణం తక్కెడ, గల్లాపెట్టె, ఒక కెమెరా ఉండేవి. మొదటి రెండూ వ్యాపారం చేసే ఇళ్లలో ఎక్కడైనా ఉండేవే. మూడోది మాత్రం మా ఊరు కంభం మొత్తం మీద మా ఇంట్లోనే ఉండేదని మా చిన్నాయన గర్వంగా చెప్పుకునేవాడు. అప్పట్లో మాది కర్నూలు జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. ఇప్పుడు జిల్లా మారింది, రాష్ట్రం మారింది. కంభం ఎండ మాత్రం అప్పటి ఎండే.

మా నాయన, చిన్నాయన కలిసి పసుపు, బెల్లం, దినుసుల దుకాణం నడిపేవారు. దుకాణంలో కూర్చునే పని నాయనది, సరుకు కోసం మద్రాసుకు పోయివచ్చే పని చిన్నాయనది. రెండో ప్రపంచ యుద్ధం మొదలుకాక ముందు అట్లా పోయినప్పుడే తోలు సంచిలో ఆ కెమెరా తెచ్చాడు. జర్మనీలో చేసినది. దొరల దగ్గర, అడవి శాఖ పెద్ద ఆఫీసర్ల దగ్గర ఆ రకమే ఉంటుందని, పత్రికల్లో దాని బొమ్మ వేసి మరీ పొగుడుతారని చెప్పాడు. మూసి ఉంటే నల్లటి అట్ట పుస్తకంలా ఉండేది. పక్కన మీట నొక్కితే ముందు తలుపు కిందికి వాలి, తోలు మడతల తిత్తి సాగి, దాని చివర గాజు కన్ను బయటికి వచ్చేది. ఆ కంటి మీద మాత్రం ఎప్పుడూ వేలు పెట్టవద్దని మద్రాసు దుకాణంలో గట్టిగా చెప్పి పంపారట. మా చిన్నాయన ఆ మాటను వేదంలా పట్టుకున్నాడు. వేలు కాదుకదా, గుడ్డ అంచు కూడా తగలనిచ్చేవాడు కాదు.

మా జేజి, అంటే నాయన వాళ్ల అమ్మ, మొదటి శుక్రవారమే దాన్ని పీట మీద పెట్టించింది. చిన్నాయన మూసిన పెట్టెనే తెచ్చి పెట్టాడు. ఆమె ధూపపు మూకుడు చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

“మూసిన కంటికి హారతి ఏందిరా? తెరువు” అంది.

చిన్నాయన మీట నొక్కి తెరిచాడు. జేజి నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పొగ ఆ గాజు కంటికి బాగా తగిలేటట్టు మూకుడు దగ్గరగా తిప్పింది. తర్వాత కర్పూరం వెలిగించి అంతే దగ్గరగా హారతి ఇచ్చింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం అంతే. ఆ పొగలో కన్ను తెరుచుకుని నిలబడ్డ పెట్టెను చూసి నేను కూడా దండం పెట్టుకునేదాన్ని.

మొదట్లో తీసిన ఫోటోలు చూసి ఊరు ముక్కున వేలేసుకుంది. చెరువు కట్ట మీద నిలబడి తీసిన మా నాయన ఫోటోలో, మీసంలో తెల్ల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించాయి. ఫిల్ము రోలు మద్రాసుకు పార్సెలు చేసి పంపితే, అక్కడ కడిగి, కాగితాల మీద దింపి పంపేవారు. పార్సెలు వచ్చిన రోజు దుకాణం ముందు బేరం కన్నా ఫోటోలు చూసేవాళ్లే ఎక్కువ ఉండేవారు.

కొంతకాలానికి ఫోటోల్లో ఏదో తేడా వచ్చింది. మనుషులు ఉన్నారు, బట్టలు ఉన్నాయి, ముఖాలు మాత్రం పల్చటి పాలలో ముంచి తీసినట్టు ఉన్నాయి. తర్వాత వచ్చినవి ఇంకా మసక. ఎండ ఎక్కువైందని మద్రాసు వాళ్లు రాశారు. చిన్నాయన నీడలో తీశాడు, అదే మసక. పొద్దున్నే తీశాడు, అదే మసక. చివరికి తనకు చెడ్డ సరుకు అంటగట్టారని ఆ దుకాణానికి కోపంగా ఉత్తరం రాశాడు. మా దుకాణానికి వచ్చేవాళ్లకు అది మంచి కాలక్షేపమైంది.

“ఏం శెట్టీ, నీ పెట్టెలో ఇంకా మబ్బు విడవలేదా?” అని ఒకరంటే, “మబ్బు పట్టిందంటున్నావు, వాన యాడ మరి? మా చేనులో ఒక ఫోటో తీయి, పెట్టెకు దండం పెడతా” అని ఇంకొకరు. కొందరు ఆడవాళ్లకు మాత్రం ఆ మసక ఫోటోలే నచ్చాయి. అందులో అందరూ తెల్లగా కనబడుతున్నారని.

గిద్దలూరులో మా చిన్నాయన స్నేహితుడు ఒకాయన కలప వ్యాపారం చేసేవాడు. ఆయన దగ్గరా అదే రకం కెమెరా ఉండేది. ఆయన బాధ వేరు. నల్లమలలో బండి దారి మీద నిలబడి, ఎదుటి గుట్ట మీద ఉన్న చిరుతపులిని ఫోటో తీశాడట. తీరా చూస్తే ఫోటోలో గుట్టంతా ఉంది, పులి చీమంత ఉంది. అది కూడా ఆయన వేలుపెట్టి చూపిస్తేనే. ఇద్దరూ కలిసినప్పుడల్లా మా అరుగు మీద కూర్చుని, అంత పేరున్న వస్తువు ఇట్లా చేసిందేమిటని ఒకరినొకరు ఓదార్చుకునేవారు.

మా జేజికి మాత్రం కారణం తెలిసిపోయింది. దిష్టి. ఊరి కళ్లన్నీ ఆ పెట్టె మీద పడ్డాయని తేల్చింది. అప్పటినుంచి శుక్రవారంతో పాటు మంగళవారం కూడా ధూపం వేయడం మొదలుపెట్టింది. సాంబ్రాణి పిడికిళ్లతో చల్లేది. చిన్నాయన దగ్గుకుంటూ ఆ గాజు కన్ను తెరిచి పట్టుకునేవాడు. దాని రంగు మెల్లగా మారడం ఆయన కూడా చూశాడు. “చూడు పాపా, జర్మనీ అద్దం. తేనె రంగు తిరుగుతా ఉంది. మంచి అద్దానికే అట్ల రంగొస్తాదంట” అని నాకు మురిపెంగా చూపించాడు. అట్లా అని ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా ఎవరూ చెప్పి ఉండరు.

ఇదంతా నవ్వులాటగానే గడిచిపోయేది, పక్కింటి అక్క సంగతి లేకపోతే.

అక్క పెనిమిటి యుద్ధంలో పట్టాళంలో చేరి, ఉత్తరాదిన ఎక్కడో క్యాంపులో ఉండేవాడు. ఆయన పోయిన తర్వాత అక్కకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డను ఒకసారైనా చూడాలని ఆయన ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, మా చిన్నాయన ఫోటో తీసి పంపాడు. దానికి వచ్చిన జవాబును అక్క మా నడవలో కూర్చుని చదివించుకుంది. ఫోటో అందిందనీ, అక్క చీర, మంచం కోళ్లు, గోడ మీద గూడు అన్నీ తెలుస్తున్నాయనీ, బిడ్డ ముఖం మాత్రం తెల్లారుజామున మంచులో చూసినట్టు ఉందనీ రాశాడు. కళ్లు నీవో నావో తెలియలేదన్నాడు. దిష్టి చుక్క కూడా కనపడలేదు, పెట్టడం మరిచిపోయారా అని అడిగాడు. చివర, తమను త్వరలో ఓడ ఎక్కిస్తారని అనుకుంటున్నారనీ, ఆలోగా ముఖం తెలిసే ఫోటో ఒకటి పంపమని రాశాడు.

చదవడం అయిపోయినా అక్క లేవలేదు. ఒళ్లో బిడ్డ నిద్రపోతోంది. “పోయేదే దేశం కాని దేశం. బిడ్డ ముఖం తెలియకుండానే పోతాడు అన్నా” అంది చిన్నాయనతో. నంద్యాలలో ఒక స్టూడియో ఉండేది కానీ, యుద్ధం వల్ల ఫిల్ము దొరక్క దాన్ని మూసేశారు. చిన్నాయన దగ్గర కూడా ఆఖరి రోలు ఒక్కటే మిగిలింది. అది కూడా మబ్బు పాలైతే ఇక ఏమీ లేదు. తీయాలంటే భయం, తీయకుండా ఉండలేడు. రేపు, ఎల్లుండి అని రోజులు జరుపుతూ వచ్చాడు.

అప్పుడు ఉగాది వచ్చింది. పండగ ముందు ఇల్లు దులిపే రోజున, పూజ గూట్లో ఉన్న దేవుడి పటాలు దించి నాకు ఇచ్చి, “మే, అద్దాలు బాగా తుడువు. పోయిన ఉగాదికి తుడిచినవి, దేవుడి ముఖం అవపడడం లేదు” అంది జేజి. నేను వసారాలో కూర్చుని తడిగుడ్డతో రుద్దాను. పోలేదు. బూడిద అద్ది రుద్దితే గుడ్డకు జిగటగా గోధుమ రంగు మరక అంటుకుంది. అద్దం సగం శుభ్రమైన చోట దేవుడి ముఖంలో ఒక పక్క నామం, కన్ను, కిరీటం మీది రాళ్లు తళతళమన్నాయి. రెండో పక్క తేనె రంగు మసకలో ఉంది.

నాకు చిన్నప్పటినుంచీ ఒక అలవాటు ఉండేది. ఆడపిల్లనని బడి తొందరగా మాన్పించినా, దుకాణంలో పెద్దవాళ్లు వేసే లెక్కలు విని నేర్చుకున్నదాన్ని. ఏది చూసినా వరుసలో పెట్టి, ఏది ముందు ఏది వెనుక అని చూసేదాన్ని. ఆ రోజు పటం అక్కడే వదిలి, పెట్టెలో దాచిన ఫోటోలన్నీ తెచ్చి, తీసిన వరుసలో నేల మీద పరిచాను. చెరువు కట్ట మీది మా నాయన ఫోటోలో మసక లేదు. తర్వాతివాటిలో కొద్దిగా, ఆ తర్వాతివాటిలో ఇంకొంచెం. జేజి మంగళవారం ధూపం కూడా మొదలుపెట్టినప్పటినుంచి మబ్బు ఒక్కసారిగా దట్టమైంది. పక్కన, సగం తుడిచిన దేవుడి పటం.

పెద్దవాళ్లెవరికీ తెలియనిది నాకు తెలిసింది. ఆ సంతోషంలో వసారాలోనుంచే “చిన్నాయనా, జేజి పొగ వల్లే...” అని అరవబోయాను. చిన్నాయన అప్పుడే గడప దాటి వస్తున్నాడు. నేల మీద పరిచినవాటిని, పటాన్ని, నా చేతిలో మరక గుడ్డను వరుసగా చూశాడు. ఆయనకు నేను చెప్పనక్కర లేకపోయింది. పెదవుల మీద వేలు పెట్టి, నన్ను పెరట్లోకి రమ్మని సైగ చేశాడు.

పెరట్లో రాతి మీద కూర్చుని కెమెరా తెరిచాడు. ఎన్నడూ ముట్టుకోని ఆ గాజు కంటిని, మెత్తబడిన పాత పంచె ముక్కతో, చంటిబిడ్డ కళ్లు తుడిచినట్టు తుడిచాడు. మసక పక్కకు జరిగింది కానీ పోలేదు. నన్ను పంపి ఆసుపత్రి కాంపౌండరు దగ్గర కాస్త స్పిరిట్ తెప్పించాడు. అది తడిపి తుడిస్తే, గుడ్డకు సరిగ్గా ఆ దేవుడి పటం మరకే అంటింది. వాసన చూడమని నా ముక్కు దగ్గర పెట్టాడు. స్పిరిట్ ఘాటు వెనక శుక్రవారం వాసన. అద్దం నీళ్లలా తేటపడింది. తేనె రంగంతా గుడ్డలోకి వచ్చేసింది.

చిన్నాయన ఆ గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. తర్వాత తనలో తాను నవ్వుకున్నాడు.

“జేజికి చెప్పొస్తా” అన్నాను.

“ఏమని?”

“నీ పొగ వల్లనే పాడైంది, ఇంక వేయొద్దు అని.”

“పొగ మీ జేజిది. సరే. ఆ కన్ను తెరిచి పట్టుకుంది ఎవరు పాపా?”

“నువ్వు.”

“రంగు మారతా ఉంటే చూసి, జర్మనీ అద్దమని మురిసింది ఎవరు?”

“నువ్వే.”

“తుడిస్తే పోయేదాన్ని ఇంత కాలం గుడ్డ తగలనీయకుండా దాచుకుంది ఎవరు?”

ఆయన గొంతులో కోపం లేదు. దుకాణంలో కూర్చోబెట్టుకుని లెక్క నేర్పేటప్పటి గొంతే.

“లెక్క బాగా చేసినావు. నాకన్నా బాగా చేసినావు. కాని మీ జేజి కాడికి వచ్చి ఆపేసినావు. ఇంకొంచెం ముందుకు రా. నా దాకా రా.”

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. గొప్ప సంగతి కనిపెట్టి, నలుగురిలో చెప్పుకునే వీలు లేకుండా పోయిందని లోపల కాస్త ఉక్రోషంగానే ఉంది.

ఆయన నేరుగా జేజి దగ్గరికి పోయాడు. ఏం చెప్తాడో వినాలని నేను వెనకాలే పోయాను. “అమ్మా, పెట్టె చెడగొట్టింది నేనే. వాడనప్పుడు దాని కన్ను మూసిపెట్టాల. నాకు తెలియక తెరిచిపెట్టినా. ఇంకమీద మూసే పెడతా. నువ్వు మాత్రం పూజ మానొద్దు” అన్నాడు.

జేజి ఒప్పుకోలేదు. “మూసిన కంటికి హారతి ఏందిరా అని అప్పుడే చెప్పినా గదా!”

“పక్కింటి బిడ్డకు దిష్టి తీస్తావు గదమ్మా. నిద్రపోతా ఉంటే లేపి, కళ్లు తెరిపించి తీస్తావా?”

జేజి ఒక్క క్షణం ఆలోచించి, పక్కున నవ్వింది. “లేపితే దాని ఏడుపు ఎవరు పడతారు? సరే, నీ పెట్టెను కూడా నిద్రపోనీ” అంది.

మరునాడు పొద్దున్నే అక్క వాళ్ల వసారాలో ఫోటో తీశాడు. అక్క బిడ్డకు తలంటి, తెల్ల చొక్కా తొడిగి తెచ్చింది. జేజి కాటుకతో బుగ్గ మీద చుక్క పెట్టి, “ఈసారి అవపడకపోతే చూడు” అని బెదిరించింది, కెమెరానో కొడుకునో తెలియదు. ఆఖరి రోలు కదా, ఒకటి రెండు ఇంటివాళ్లకు దాచుకుంటాడేమో అనుకున్నాం. దాచుకోలేదు. బిడ్డ నవ్వితే తీశాడు, ఏడిస్తే తీశాడు, చేతులు నోట్లో పెట్టుకుంటే తీశాడు. ముద్దుగా ఉందని కాదు, ఒకటి చెడినా ఇంకొకటి మిగలాలని. రోలు అయిపోయినప్పుడు ఆయన చొక్కా వీపు తడిసిపోయి ఉంది.

పార్సెలు వచ్చే దాకా అక్క రోజూ ఏదో ఒక పని పెట్టుకుని మా దుకాణం ముందునుంచి పోయేది. వచ్చిన రోజు చిన్నాయన తను విప్పకుండా కట్టను ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె మొదటి ఫోటో తీసి చూసి, గల్లాపెట్టె పక్కన కూలబడింది. తర్వాత తలెత్తి, “కళ్లు వాళ్ల నాయనవే అన్నా” అంది. ఫోటోలో బిడ్డ రెప్ప వెంట్రుకలు కూడా తెలుస్తున్నాయి. బుగ్గ మీద చుక్క, కొంచెం చెదిరి, కాటుక చుక్కలానే ఉంది.

జేజి ఆ ఫోటో పట్టుకుని వీధంతా తిరిగింది. “చూసినారా, నా సాంబ్రాణికి దిష్టి ఎట్ల పారిపోయిందో!” అని అందరికీ చెప్పింది. అసలు సంగతి నా నోటి దాకా వచ్చింది. చిన్నాయన నా వైపు చూశాడు. వద్దని కాదు, ఏం చేస్తానో చూద్దామన్నట్టు. నేను నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రం దుకాణం దగ్గర మామూలు బృందం చేరింది. మబ్బు విడిచిందే శెట్టీ, మద్రాసు వాణ్ణి బాగా బెదిరించినావా అని అడిగారు. “పెట్టె ముందునుంచీ మంచిదే మామా. వాడుకోవడం నాకు రాలేదు” అన్నాడు చిన్నాయన. వాళ్లు ఆయన్ను మరింత ఆడుకున్నారు. అంత సొమ్ము పోసి కొని కన్ను మూయడం తెలియలేదా అని నవ్వారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు. మద్రాసు దుకాణానికి కూడా, తప్పు తనదేనని, మునుపు రాసిన మాటలు మనసులో పెట్టుకోవద్దని రాశాడు. గిద్దలూరు స్నేహితుడు వచ్చి సంగతంతా విని, “నీ మబ్బు విడిచింది సరే, నా పులి సంగతేంది?” అని అడిగితే, “నువ్వు పులి దగ్గరికి పోవాల గదన్నా” అన్నాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, చీమంత పులే బాగుందన్నాడు.

అక్క పెనిమిటికి ఆ ఫోటో ఓడ ఎక్కే ముందే అందింది. యుద్ధం అయిపోయాక ఆయన తిరిగి వచ్చిన రోజు మేమంతా వీధిలోనే ఉన్నాం. బిడ్డ అప్పటికి పరుగులు తీస్తోంది. ఆయన్ను చూసి బెదిరి అక్క చీర వెనక దాక్కుంది. ఆయన వీధి మీదే గొంతుక్కూర్చుని, జేబులోనుంచి అంచులు అరిగిపోయిన ఆ ఫోటో తీసి చూపించి, “నేను నీకు కొత్త. నువ్వు నాకు పాతే” అన్నాడు. బిడ్డ ఫోటోలో తనను చూసుకుని, మెల్లగా ఒక అడుగు బయటికి వేసింది. మా చిన్నాయన దుకాణంలోకి పోయి, తూచవలసినదేమీ లేకపోయినా తక్కెడ సర్దుతూ నిలబడ్డాడు.

జేజి బతికున్నంత కాలం ఆ పెట్టెకు పూజ తప్పలేదు. మూసిన పెట్టెకే. ఒక సంగతి మాత్రం నేను గమనించాను. ఆ ఉగాది తర్వాత ఆమె ధూపపు మూకుడు పెట్టె దగ్గరికి తీసుకుపోలేదు. దూరంగా నిలబడి, పొగ కిటికీ వైపు పోయేటట్టు తిప్పేది. ఆ రోజు నేను సగం తుడిచి వదిలేసిన పటాన్ని మిగతా సగం తుడిచింది ఆమే. ఆమెకు ఏం తెలిసిందో, ఎంత తెలిసిందో నేను ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు నేను ఇంటి దగ్గర కొందరు పిల్లలకు లెక్కలు చెబుతాను. ఊళ్లో పొలం కొలతకో, సరుకు తూకానికో తేడా వస్తే కూడా నా దగ్గరికే తెస్తారు. తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోవడం నాకు అంత కష్టం కాదు. పట్టుకున్నాక లెక్కను అక్కడ ఆగనివ్వను. మొన్న ఒక పిల్ల భాగహారం మళ్లీ మళ్లీ తప్పు చేస్తుంటే కోపం వచ్చి, పలక పక్కన పెట్టించి, నేను మొదటి రోజు ఎట్లా చెప్పానో మళ్లీ దానికి చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే నాకు తెలిసింది, ఆ రోజు ఒక మెట్టు చెప్పకుండా దాటేసింది నేనేనని, ఆ కన్ను తెరిచిపెట్టింది నేనేనని. పలక తుడిచి ఆ పిల్ల చేతికి ఇచ్చి, “తప్పు నాది పాపా, మళ్లీ మొదలుపెడదాం” అన్నాను. చిన్నాయన పెరట్లో రాతి మీద కూర్చుని నవ్వుకున్న నవ్వు అప్పుడు నాకూ వచ్చింది.